ఆర్‌సీ హెలికాప్టర్‌కు యాంటెన్నా మౌంట్ సెట్టు: రెండు మోడళ్ల మీద వాడి చూశాక

రిమోట్‌తో ఎగరేసే ఆర్‌సీ హెలికాప్టర్‌లో సిగ్నల్ అందుకునే డబ్బీ, అంటే రిసీవర్, దాని యాంటెన్నా బిగించుకోవడానికి ప్రత్యేకంగా ఒక సెట్టు కొనవలసిన అవసరం ఏముందని చాలాకాలం నేనూ అనుకున్నాను. ఒక జిప్ టై, కాస్త హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ తొడుగు), రెండు వైపులా అంటుకునే టేపు ఉంటే తీరిపోయే పనికి వేరే ప్యాకెట్టు తెప్పించడం దండగ అనిపించేది. ఆ నమ్మకంతోనే నా 600 క్లాస్ (మోడల్ సైజును చెప్పే అంకె) హెలికాప్టర్ కార్బన్ ఫ్రేమ్ లోపలి గోడకు రెండు యాంటెన్నాలనూ జిప్ టైలతో చూడముచ్చటగా అదిమి కట్టాను. ఒక సాయంత్రం కాస్త దూరంలో హోవర్ చేస్తూ, అంటే గాలిలో ఒకేచోట నిలుపుతూ, ఎడమ పక్క నా వైపు ఉండేలా నిలిపినప్పుడల్లా సిగ్నల్ తగ్గిందని ట్రాన్స్‌మిటర్ హెచ్చరించడం, ముక్కు నా వైపు తిప్పగానే ఆ గొంతు ఆగిపోవడం మొదలైంది. మూడోసారి కూడా అదే వరస కనిపించేసరికి కిందికి దించి, బ్యాటరీ తీసేసి, ఇంటికి వచ్చి ఆ జిప్ టైలన్నీ కత్తిరించాను. ఈ సెట్టు కొన్నది ఆ తరువాత. కొన్ని నెలలుగా రెండు మోడళ్ల మీద వాడాను. క్లిప్పులు కొనదగినవి, గొట్టాలు పనికొస్తాయి గానీ వాటికి మనం కొంత పనిచేసి పెట్టాలి, లోపల మడిచి పెట్టిన సూచనల కాగితాన్ని మాత్రం నమ్మకూడదు.

ప్యాకెట్టు అరచేతిలో ఇమిడేంతే ఉంటుంది. నాలుగు నల్లటి నైలాన్ క్లిప్పులు, జానెడు పొడవున్న రెండు సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు, వాటి చివరలకు తొడగడానికి నాలుగు రబ్బరు టోపీలు, ఫ్రేమ్‌కు అంటించుకునే రెండు చిన్న దిమ్మెలు, టేపు ముక్కలు, ఒక బొమ్మ వేసిన కాగితం. దిమ్మె ఒక్కొక్కదానికి ఒకదానికొకటి లంబంగా రెండు రంధ్రాలున్నాయి. తయారు చేసినవారికి అసలు విషయం తెలుసుననడానికి ఆ రంధ్రాలే సాక్ష్యం. బొమ్మ గీసినవారికి తెలియదనడానికి ఆ కాగితం సాక్ష్యం. అందులో రెండు గొట్టాలూ ల్యాండింగ్ గేర్ స్కిడ్ పైపుల (దిగినప్పుడు నేల మీద ఆనే పైపుల) పక్కనే, రెండు పట్టాల్లా సమాంతరంగా, తోక వైపు సాగిపోతున్నట్టు చూపించారు. ఆ బొమ్మ ఎందుకు తప్పో తెలిస్తే ఈ సెట్టులో దేన్ని ఎలా వాడాలో దానంతటదే తెలిసిపోతుంది కాబట్టి, ముందు ఆ సంగతి చెబుతాను.

ఇప్పుడు మనం వాడే రేడియోలు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. ఆ తరంగం పొడవు దాదాపు 12.5 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు 31 మిల్లీమీటర్లు. రిసీవర్ నుంచి బయటకు వచ్చే సన్నటి తీగను జాగ్రత్తగా చూస్తే, చాలా భాగం బూడిదరంగు లేదా నల్లటి తొడుగుతో మందంగా ఉండి, చివర మూడు సెంటీమీటర్ల చిల్లర మాత్రం ఇంకా సన్నగా, వేరే రంగులో కనిపిస్తుంది. మందంగా ఉన్న భాగం కోయాక్సియల్ వైరు. దాని లోపలి తీగ చుట్టూ లోహపు అల్లిక ఉంటుంది కనుక అది బయటి సిగ్నల్‌ను పట్టదు, పట్టకూడదు కూడా. అది నీళ్లు తెచ్చే గొట్టం మాత్రమే; కుళాయి చివరన ఉంది. సిగ్నల్‌ను అందుకునేది అల్లిక తొలగించిన ఆ చివరి 31 మిల్లీమీటర్లే. కాబట్టి కోయాక్స్‌ను ఫ్రేమ్ వెంట ఎక్కడ కట్టినా పెద్ద నష్టం లేదు. ఆ కొస ఎక్కడ ఉంది, ఏ దిక్కుకు చూస్తోంది, దాని పక్కన ఏముంది అన్నవే లెక్కలోకి వస్తాయి. నేను మొదట చేసిన తప్పు సరిగ్గా అక్కడే జరిగింది. కోయాక్స్‌ను ఎంత శ్రద్ధగా కట్టానో, కొసను కూడా అంతే శ్రద్ధగా కార్బన్ పలకకు అదిమి కట్టేశాను.

కాగితంలోని బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 35 మెగాహెర్ట్జ్, 72 మెగాహెర్ట్జ్ రేడియోల కాలంలో రిసీవర్ నుంచి దాదాపు మీటరు పొడవున్న మామూలు తీగ వేలాడేది, ఆ తీగ మొత్తం యాంటెన్నాయే. దాన్ని కత్తిరించకూడదు, చుట్టచుట్టి పెట్టకూడదు. అందుకని సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో దూర్చి, స్కిడ్ వెంట వెనక్కి నడిపించి, మిగిలిన కొసను గాలికి వదిలేవారు. ఆ రోజుల్లో హెలికాప్టర్లు ఎగరేసినవారి చేతికి ఆ దారి అలవాటైపోయింది. తరంగం పొడవు మీటర్ల నుంచి సెంటీమీటర్లకు దిగివచ్చినా గొట్టం, స్కిడ్, వెనక్కి సాగే గీత మాత్రం బొమ్మలో అలాగే ఉండిపోయాయి. అలవాటులో పొరపాటు అంటే ఇదే.

సమాంతరంగా పెట్టడంలో ఉన్న చిక్కును కూడా చెప్పుకోవాలి. నిటారుగా నిలబెట్టిన తీగకు దాని చుట్టూ ఉన్న అన్ని వైపుల నుంచీ సిగ్నల్ బాగా అందుతుంది. కానీ అదే తీగ కొస మన వైపు సూటిగా చూస్తున్నప్పుడు, అంటే దాని పొడవు వెంట వచ్చే సిగ్నల్ విషయంలో, అది దాదాపు గుడ్డిది. నడుమ చిల్లు ఉన్న గారెను ఆ తీగకు గుచ్చినట్టు ఊహించుకుంటే సరిపోతుంది: గారె ఉన్నంత మేర చూపు ఉంది, చిల్లు వైపు లేదు. విమానమైతే ఎక్కువసేపు ఒకే తీరున ఎగురుతుంది. హెలికాప్టర్ అలా కాదు; అది పక్కకు పోతుంది, వెల్లకిలా తిరుగుతుంది, ముక్కు కిందికి పెట్టి తోక పైకెత్తుతుంది, ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. ఏ క్షణంలో యాంటెన్నా కొస మన వైపు చూస్తుందో చెప్పలేము. రిసీవర్‌కు రెండు యాంటెన్నాలు పెట్టి, ఏది బాగా వింటోందో దాన్ని ఎంచుకునే ఏర్పాటు చేసింది అందుకే. ఆ రెండూ ఒకదానికొకటి 90 డిగ్రీల కోణంలో ఉంటే ఒకటి గుడ్డిదైనప్పుడు రెండోది చూస్తూ ఉంటుంది. రెండింటినీ సమాంతరంగా పెడితే ఒకటి గుడ్డిదైన క్షణంలోనే రెండోదీ గుడ్డిదవుతుంది. ట్రాన్స్‌మిటర్ యాంటెన్నాకూ ఇదే సూత్రం వర్తిస్తుంది, కనుక దాని కొసను మోడల్ వైపు గురిపెట్టి నిలబడేవారు ఆ అలవాటు మానుకోవాలి.

ఇక స్కిడ్ పైపుల సంగతి. చాలా మోడళ్లలో స్ట్రట్లు, అంటే ఫ్రేమ్ నుంచి కిందికి వంగే కాళ్లు, ప్లాస్టిక్‌వి. వాటికి అడ్డంగా నేలను తాకే పైపులు అల్యూమినియంవి. ఈ సెట్టులోని క్లిప్పు పైపును గట్టిగా పట్టుకుని, గొట్టాన్ని దానికి సమాంతరంగా, వేలు కూడా దూరనంత దగ్గరలో నిలుపుతుంది. అంటే కాగితం చెప్పినట్టు బిగిస్తే యాంటెన్నా కొస పొడవునా లోహపు పైపు పక్కనే పడుకుంటుంది. కాపాడవలసిన క్లిప్పే ఇలా చేస్తే కంచే చేను మేసినట్టు అవుతుంది. రిసీవర్ తయారీదారుల మాన్యువళ్లు సాధారణంగా కొసకూ లోహం, కార్బన్, ఇంధనపు ట్యాంకు వంటి వాటికీ మధ్య కనీసం అరంగుళం ఎడం ఉండాలంటాయి. అరంగుళం అంటే బొటనవేలి మందం కూడా కాదు. అయినా అంత చిన్న ఎడాన్ని కూడా ఈ బొమ్మ పాటించలేదు.

అలాగని క్లిప్పును పారెయ్యవలసిన పని లేదు. దాని నోట్లో ఒక చిన్న మెలిక ఉంది. గొట్టం కూర్చునే గాడి పైపు పట్టే భాగానికి విడిగా ఉండి, చిన్న మరతో బిగుస్తుంది. మరను వదులు చేసి ఆ గాడిని పావు వంతు తిప్పి మళ్లీ బిగిస్తే గొట్టం పైపుకు లంబంగా, బయటి వైపుకో కింది వైపుకో చూస్తూ నిలబడుతుంది. ఇలా తిప్పవచ్చని కాగితంలో ఎక్కడా రాయలేదు. నేను కూడా బిగిస్తుండగా పొరపాటున తిరిగితేనే గమనించాను. ఈ సెట్టులో నాకు నచ్చిన మొట్టమొదటి విషయం ఇదే.

600 మీద నేను ఖాయం చేసిన దారి ఇలా ఉంది. రిసీవర్ ఫ్రేమ్ మధ్యలో, బ్యాటరీ పలకకు వెనుక ఉంటుంది. ఒక కోయాక్స్‌ను ఎడమ పలకలోని కిటికీ గుండా బయటకు తెచ్చి, ముందు స్ట్రట్ వెంట కిందికి దించి, స్ట్రట్ సగం పొడవు దాటాక కొస నిట్టనిలువుగా కిందికి చూసేలా క్లిప్పు వేశాను. కొస చుట్టూ ప్లాస్టిక్, గాలి తప్ప ఏమీ లేవు. నేల తాకేటప్పటికి పైపుకూ కొసకూ మధ్య రెండు వేళ్ల ఎడం మిగులుతుంది. రెండో కోయాక్స్‌ను వెనుక స్ట్రట్ వంపు దగ్గర అడ్డంగా, కుడి పక్కకు పొడుచుకు వచ్చేలా పెట్టాను. అలా పెడితే నిలువు యాంటెన్నా ఎడమ ముందు, అడ్డం యాంటెన్నా కుడి వెనుక. రెండింటి మధ్య మొత్తం ఫ్రేమ్ ఉంది. మోడల్ ఏ పక్కకు తిరిగినా రెండింటిలో ఒకదానికి నా వైపు దారి తెరిచి ఉంటుంది. కార్బన్ నార కరెంటును పోనిస్తుంది కాబట్టి ఆ పలకలు సిగ్నల్‌కు రేకు తలుపుల్లాంటివి. తలుపు వెనుక నిలబడిన యాంటెన్నాకు వినబడడం లేదంటే అది రిసీవర్ తప్పు కాదు. మోడల్ ముందు భాగాన్ని కప్పే తొడుగు, అంటే కానపీ, ఫైబర్‌గ్లాస్‌ది అయితే ఆ చిక్కు లేదు, సిగ్నల్ దాని గుండా వెళ్లిపోతుంది. లోహపు పొడి కలిపిన రంగు వేసినా, కార్బన్ కానపీ అయినా లోపల పెట్టిన యాంటెన్నాను మాత్రం నమ్ముకోకూడదు.

గొట్టంలోకి కోయాక్స్ దూర్చడం ఈ బిగింపులో విసుగు పుట్టించే ఘట్టం. గొట్టం లోపలి వెడల్పు వైరు మందానికి కాస్తే ఎక్కువ. పైగా కోసినచోట అంచు లోపలికి మడిచినట్టు ఉండి గీరుకుంటుంది. మొదటిసారి నెట్టినప్పుడు సగం దాకా వెళ్లి ఆగింది, ఇంకాస్త గట్టిగా నెడితే కొస లోపలే కొక్కెంలా వంగింది. బయటకు లాగి చూస్తే ఆ 31 మిల్లీమీటర్ల మీద గోటితో నొక్కినట్టు మడత. మెల్లగా వేళ్ల మధ్య సాపు చేస్తే సరైపోయింది గానీ, ఆ భాగాన్ని మడవకూడదన్నది యాంటెన్నా విషయంలో మొదటి నియమం. వంకర తీగ చెప్పిన దిక్కుకు చూడదు. ఆ తరువాత ఒక సూదిని వేడి చేసి గొట్టం మూతిలో ఒక్క క్షణం తిప్పాను. మూతి సన్నాయి చివరిలా కొద్దిగా విప్పారింది. అప్పుడు వైరును నెట్టకుండా, గొట్టాన్నే వైరు మీదికి కొద్దికొద్దిగా తిప్పుతూ జరిపితే చివరి దాకా హాయిగా వెళ్లింది. నూనె, గ్రీజు లాంటివి రాయవద్దు. లోపల జారుడు మిగిలిపోతే వైబ్రేషన్‌కు వైరు వెనక్కి జరుగుతుంది.

ఎంత దూర్చాలన్నది కూడా కొలవాలి. కొస గొట్టం చివర రబ్బరు టోపీని తాకేలా ఉండాలి. మొదట నేను వేసినప్పుడు వైరు మూడు వేళ్ల దూరంలోనే ఆగిపోయి, సిగ్నల్ అందుకునే భాగం క్లిప్పు లోపల, మర పక్కన ఉండిపోయింది. బయట అందంగా పొడుచుకు వచ్చినదంతా ఖాళీ గొట్టం. చీకట్లో గొట్టం వెనుక టార్చి పెట్టి చూస్తే లోపలి వైరు నీడ కనిపిస్తుంది. ఈ గొట్టం పాలరంగులో ఉండడం వల్ల సాధ్యమైంది. పూర్తి నల్లటి గొట్టమైతే ముందే వైరు పక్కన పెట్టి పెన్నుతో గుర్తు పెట్టుకోవాలి. జానెడు పొడవు కూడా అక్కర్లేదు. నేను రెండింటినీ సగానికి పైగా కోసేశాను. పొడవైన గొట్టం వైబ్రేషన్‌కు చువ్వలా ఊగుతుంది. ఊగే ప్రతిసారీ ఆ ఊపు క్లిప్పు దగ్గర కోయాక్స్ మీద పడుతుంది.

కార్బన్ పలక అంచుల గురించి ఈ సెట్టు ఏమీ చెయ్యదు, అది లోటే. కోసిన కార్బన్ అంచు బ్లేడులాంటిది. కోయాక్స్ దాన్ని ఆనుకుని ఉంటే కొన్ని పదుల ఫ్లైట్లలో తొడుగు తెగి, అల్లిక బయటపడి, చివరకు లోపలి తీగ దాకా వస్తుంది. సన్నటి సాండ్‌పేపర్‌తో అంచును గుండ్రం చేసి, పొడి తుడిచేసి, నిలువునా చీల్చిన ఇంధనపు గొట్టం ముక్కను కిటికీ అంచుకు తొడిగితే ఈ గొడవ ఉండదు. ఆ పొడి కూడా కరెంటును పోనిచ్చేదే కాబట్టి సాండ్‌పేపర్ రుద్దేటప్పుడు ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పెట్టె), రిసీవర్ దగ్గర లేకుండా చూసుకోవాలి. అంచుకు తొడిగే అంగుళం రబ్బరు ముక్కలు రెండు ప్యాకెట్టులో వేసి ఉంటే ఆ నాలుగు టోపీల కన్నా ఎక్కువ పనికొచ్చేవి.

మిగిలిన వైరును ఏం చెయ్యాలన్నది అందరికీ వచ్చే ప్రశ్న. కోయాక్స్‌ను కత్తిరించి పొట్టి చేసే పని పెట్టుకోకండి. పెద్ద చుట్టగా, బొటనవేలి కన్నా వెడల్పైన వంపులతో, మెత్తటి వెల్క్రో పట్టీతో కడితే చాలు; కోయాక్స్‌ను గుండు సూదిలా మడిస్తే లోపలి తీగకూ అల్లికకూ మధ్య ఉన్న ఎడం నలిగిపోతుంది. జిప్ టైని కూడా పళ్లు బిగిసేదాకా లాగకూడదు. ఆ వదులు చుట్ట ఎక్కడుందన్నది అంతకన్నా ముఖ్యం: మెయిన్ గేర్, టెయిల్ బెల్ట్, సర్వోల (కంట్రోళ్లను కదిపే చిన్న మోటార్ల) కొమ్ములు ఇవన్నీ వదులుగా వేలాడే దేన్నైనా అందుకుని లాగేసుకుంటాయి.

బిగించాక చేసిన పరీక్ష గురించి. స్పెక్ట్రమ్ (Spektrum) కంపెనీ రేడియోల పద్ధతిలో, సిగ్నల్ ఎంత దూరం అందుతుందో చూసే రేంజ్ చెక్ మోడ్ నొక్కితే ట్రాన్స్‌మిటర్ శక్తి తగ్గుతుంది; 30 అంగలు, అంటే దాదాపు 28 మీటర్ల దూరం నుంచి కంట్రోళ్లన్నీ సవ్యంగా పనిచెయ్యాలి. ఇతర కంపెనీల అంగల లెక్క కాస్త వేరుగా ఉండవచ్చు, పద్ధతి ఒకటే. చాలామంది మోడల్‌ను నేల మీద పెట్టి, ఒక్క దిక్కులో నడిచి, సర్వోలు కదిలితే చాలనుకుంటారు. యాంటెన్నా దారిని పరీక్షించాలంటే అది చాలదు. నేను బ్లేడ్లు తీసేసి, పినియన్‌ను (మోటారుకున్న చిన్న గేరును) మెయిన్ గేర్ నుంచి విడదీసి, ఒక మిత్రుడిని మోడల్‌ను నడుము ఎత్తున పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిరగమన్నాను; తరువాత పక్కకు వాల్చి మరో చుట్టు, వెల్లకిలా పట్టుకుని ఇంకో చుట్టు. 600 రిసీవర్ తనకు అందే సిగ్నల్ బలాన్ని చెప్పే ఆర్‌ఎస్‌ఎస్‌ఐ అంకెను టెలిమెట్రీ ద్వారా, అంటే తిరిగి ట్రాన్స్‌మిటర్‌కే, పంపుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో నడిచే ఓపెన్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి హెచ్చరిక 45 దగ్గర, తీవ్ర హెచ్చరిక 42 దగ్గర ఉండేలా ముందే అమర్చి ఉంటుంది. పాత బిగింపుతో ఎడమ పక్క నా వైపుకు రాగానే ఆ అంకె గోతిలో పడినట్టు జారేది. కొత్త బిగింపుతో చుట్టు తిరుగుతున్నంతసేపూ ఎగుడుదిగుడులు ఉన్నాయి గానీ ఆ గొయ్యి లేదు. ఆ మిత్రుడు మోడల్‌ను మొదట ఫ్రేమ్ దగ్గర, యాంటెన్నా మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు; అప్పుడు అంకె పడిపోయి నన్ను కాసేపు కంగారు పెట్టింది. మనిషి శరీరం కూడా ఈ సిగ్నల్‌ను మింగుతుంది, కనుక టెయిల్ బూమ్ (తోక గొట్టం) దగ్గరా స్కిడ్ కొన దగ్గరా పట్టుకోమనండి.

శాటిలైట్ రిసీవర్లు, అంటే ప్రధాన యూనిట్‌కు వైరుతో తగిలించే చిన్న అదనపు రిసీవర్లు, వాడేవారికి ఈ సెట్టులోని గొట్టాలు, క్లిప్పులు పనికిరావు. అలాంటి రిసీవర్లలో చాలావాటికి కోయాక్స్ ఉండదు. చిన్న డబ్బీ నుంచి రెండు పొట్టి తీగలు బయటకు వస్తాయి, కనుక డబ్బీనే సరైన చోట అంటించుకోవాలి. రెండు శాటిలైట్లను ఫ్లైబార్‌లెస్ యూనిట్‌కు (మోడల్‌ను నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ పెట్టెకు) నేరుగా తగిలించేవారు ఒకదాన్ని అడ్డంగా, ఇంకొకదాన్ని నిలువుగా, ఫ్రేమ్‌కు చెరో పక్కన పెట్టుకుంటే సరి. స్పెక్ట్రమ్ రిసీవర్లు నమోదు చేసే లాగ్ చూసే అలవాటున్నవారికి ఫేడ్, ఫ్రేమ్ లాస్, హోల్డ్ అన్న మూడు మాటలు తెలిసే ఉంటాయి. ఫేడ్ అంటే ఒక యాంటెన్నా ఒక్కతే ఒక కబురు వినలేకపోవడం. ఫ్రేమ్ లాస్ అంటే ఆ కబురును (ఇక్కడ ఫ్రేమ్ అంటే అదే) అన్నీ కలిసి వినలేకపోవడం. వరసగా 45 ఫ్రేములు పోతే హోల్డ్, అంటే సంబంధం తెగిపోవడం; 11 మిల్లీసెకన్ల ఫ్రేమ్ రేటు మీద అది దాదాపు అర సెకను. అర సెకనులో వదిలేసిన వస్తువు మీటరుకు పైగా కిందికి పడుతుంది. వెల్లకిలా, పిచ్ (బ్లేడ్ల వాలు) నిండుగా ఇచ్చి ఎగురుతున్న హెలికాప్టర్ విషయంలో ఆ అర సెకను ఇంకా ఖరీదైనది. ఒక యాంటెన్నా ఫేడ్ల సంఖ్య మిగతా వాటికన్నా ఎన్నో రెట్లు ఉంటే, హోల్డ్ ఒక్కటీ లేకపోయినా సరే, ఆ యాంటెన్నా చోటు మార్చవలసిందే.

రెండో మోడల్ 450 క్లాస్‌ది, టెయిల్‌కు బెల్ట్ డ్రైవ్ ఉన్నది. ఇక్కడ సెట్టుకు నేను అంత మంచి మార్కులు వెయ్యలేను. క్లిప్పు నోరు 600 పైపుకు సరిపోయింది, 450 సన్నటి పైపు మీద వదులుగా తిరిగింది. టేపు మూడు చుట్లు చుడితే నిలిచింది గానీ చూడ్డానికి కట్టు కట్టిన వేలిలా ఉంది. అంత చిన్న మోడల్‌కు పాత పద్ధతే మేలు: స్ట్రట్‌కు ఒక జిప్ టై వేసి, దాని మిగులు తోకను కత్తిరించకుండా పుల్లలా నిలబెట్టి, యాంటెన్నా కొసను దాని పక్కన ఉంచి, రెండింటికీ కలిపి హీట్ ష్రింక్ తొడగాలి. వేడి గాలిని ఒక్కచోటే నిలపకూడదు, పైపైన తిప్పుతూ ముడుచుకోగానే ఆపెయ్యాలి. ఈ ఏర్పాటుకు బరువు లేదు, ఖర్చు లేదు, పడిపోతే విరగడానికి ఏమీ లేదు. బెల్ట్ నుంచి పుట్టే స్టాటిక్ వల్ల వచ్చే ఉలికిపాటుకు ఏ యాంటెన్నా మౌంటూ మందు కాదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. టెయిల్ బూమ్‌ను మోటారు మౌంట్‌కు ఒక తీగతో కలపడం, బెల్ట్‌కు కొద్దిగా సిలికాన్ స్ప్రే కొట్టడం దానికి పాటించే ఉపాయాలు. యాంటెన్నా మార్చాక కూడా సర్వోలు ఉలిక్కిపడుతుంటే సెట్టును తిట్టుకునే ముందు బెల్ట్ వైపు చూడండి.

మన్నిక విషయంలో సెట్టు నన్ను మెప్పించింది. ఆటోరొటేషన్ (మోటారు శక్తి లేకుండా దించడం) సాధన చేస్తుండగా 600ను ఒకసారి నేలకు గట్టిగా కొట్టాను. ముందు స్ట్రట్ విరిగింది. స్కిడ్‌కు యాంటెన్నాను జిగురుతో అంటించి ఉంటే విరిగిన కాలితోపాటు కోయాక్స్ కూడా రిసీవర్ నుంచి ఊడి వచ్చేది. ఈ క్లిప్పు దెబ్బకు నోరు తెరిచి గొట్టాన్ని వదిలేసింది, గొట్టం వైరు మీద వేలాడుతూ మిగిలింది, వైరుకు ఏమీ కాలేదు. మరను అతిగా బిగించినవారికి ఈ మేలు దక్కదు. యాంటెన్నా చిన్న కనెక్టర్‌తో ఊడదీసేలా ఉన్న రిసీవర్లలో ఇది ఇంకా అవసరం, ఆ యు.ఎఫ్.ఎల్ తరహా కనెక్టర్లు 30 సార్లు తగిలించి తీయడానికి మాత్రమే తయారైనవి, పక్కకు లాగితే ఒకేసారికి పోతాయి. కనెక్టర్ మీద చిన్న చుక్క మెత్తటి జిగురు, దాని పక్కన వైరుకు ఒక ఊతం తప్పక ఉండాలి. తెగిన యాంటెన్నాను మార్చేవారు కొత్తదాని కొసను స్కేలుతో కొలిచి పెట్టుకోండి. మొత్తం వైరు పొడవు తేడా ఉన్నా పరవాలేదు, కొస 31 మిల్లీమీటర్ల దగ్గర తేడా ఉండకూడదు.

3డీ ప్రింటర్ ఉన్నవారు ఇదంతా చదివి, ఇలాంటి క్లిప్పు ఇంట్లోనే అచ్చు వేసుకోవచ్చు కదా అనుకుంటారు. వేసుకోవచ్చు. రబ్బరులా వంగే టీపీయూ ప్లాస్టిక్‌తో వేస్తే వైరును కొరకదు, దెబ్బకు వంగి మళ్లీ నిలుస్తుంది. కార్బన్ నార కలిపిన ఫిలమెంట్ మాత్రం దీనికి వాడకండి. గట్టిదనం కోసం తెచ్చుకున్న అదే గుణం యాంటెన్నా పక్కన గోడ కడుతుంది. నైట్రో ఇంజిన్ మోడళ్ల వారు మఫ్లర్ వేడి తగిలే పక్కన ఏ ప్లాస్టిక్ మౌంటునూ పెట్టకూడదు. ఈ నైలాన్‌ది కూడా అందుకు మినహాయింపు కాదు.

ఫ్రేమ్‌కు అంటించే దిమ్మెలను చివరికి వదిలేశాను. లంబ రంధ్రాల ఆలోచన బాగుంది గానీ, అంటించేది కార్బన్ పలక మీద. అప్పుడు రెండు కొసల్లో ఒకటి పలకను రాసుకుంటూనే పోతుంది. టేపు మాత్రం గట్టిదే, ఒకటి పీకడానికి నాకు పలుచటి దారం కావలసి వచ్చింది. ఆ దిమ్మె ఇప్పుడు కానపీ లోపలి అంచున, ఫైబర్‌గ్లాస్ మీద, టెలిమెట్రీ సెన్సర్ వైరుకు పట్టుకొమ్మగా ఉంది. మిగిలిన రెండు క్లిప్పులను పక్కన పెట్టాను. తరువాత కట్టబోయే 500 క్లాస్ మోడల్ స్కిడ్ పైపు మందం కొలిచి చూశాను, ఒక చుట్టు టేపు వేస్తే సరిపోయేలా ఉంది.